ఇసుక అడ్డాలో చిలకచేప

వంశీకృష్ణ ప్రేమలో పడే సమయానికి బోర్లా పడుకుని ఉన్నాడు. ఇసుక కుప్ప మీద, కంటికి భూతద్దం ఆనించుకుని, నోట్లో కాస్త ఇసుకతో.

"ఓ సారూ! పడ్డవా, పండుకున్నవా?"

తలెత్తి చూశాడు. నల్ల గొడుగు కింద ఒకమ్మాయి. గొడుగు కంటే చూపే ఎక్కువ నల్లగా ఉంది.

"చూస్తున్నానండీ," అన్నాడు ఇసుక ఉమ్మేసి.

"ఏం జూస్తున్నవ్?"

"ఇసుక."

"ఉసికెను నిలబడి గూడ జూడొచ్చు. మా కాడ కొననీకొచ్చెటోళ్లంత నిలబడే జూస్తరు."

సకల జనుల సమ్మె జోరుగా నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో, సార్లు ఇళ్ళల్లో, లారీలు ఎక్కడివక్కడ. దిల్‌సుఖ్‌నగర్‌లో వంశీకృష్ణ జువాలజీ చెప్పే కోచింగ్ సెంటర్‌కు షట్టర్ దించేశారు. పిల్లలకు పండగ, తల్లిదండ్రులకు పరేషాన్, వంశీకృష్ణకు ఏం తోచని జబ్బు. మనిషి చదివింది మెరైన్ బయాలజీ. లక్షద్వీప్‌లో ఒక ప్రాజెక్టు పేరు చెప్పి కొన్నాళ్ళు తల నీళ్ళలో పెట్టి చేపల్ని చూస్తూ గడిపాడు. ప్రాజెక్టు అయిపోగానే హైదరాబాద్‌లో తేలాడు. సముద్రం చదువుకుని కొత్తపేటలో కాపురముండే వాడి బతుకు, నడి వేసవిలో గొడుగులు బాగుచేసేవాడి బతుకు లాంటిది. విద్య ఉంది, వాన లేదు.

అలా ఏం తోచక నడుస్తూ నడుస్తూ ఎల్బీనగర్ చౌరస్తా దాటి, సాగర్ రోడ్డు మొదట్లో జంగయ్య ఇసుక అడ్డా దగ్గర ఆగాడు. ఇసుక కనబడింది. పడుకున్నాడు.

"ఈ ఇసుకలో ఏముందో చూద్దామనండీ. ఇది రాయి అరిగి వచ్చింది. నేను పనిచేసిన దీవుల్లో అలా కాదు. అక్కడ తెల్లటి ఇసుకలో చాలా భాగం ఒక చేప వేసిన పెంట."

గొడుగు ఒక పక్కకు ఒరిగింది. "ఏందీ?"

"పెంటండీ. చిలకచేప అని ఉంటుంది. పగడపు దిబ్బల్ని ముందునుంచి కొరుక్కుతిని, వెనకనుంచి ఇసుక వదులుతుంది."

"మా ఉసికె మీద పండుకొని, మా ఉసికెనే పెంట అంటవా?"

"మీ ఇసుకని కాదండీ..."

"సైదులూ! ఓ సైదులూ! గీ సారు మన ఉసికెను చేప పెంట అంటుండు!"

లారీ కేబిన్లో కునుకు తీస్తున్న డ్రైవర్ సైదులు తల బయటపెట్టాడు. "దేని పెంట?"

"చేపది."

సైదులు కాసేపు ఆలోచించి, తల లోపల పెట్టేశాడు. ఆ మాట అమ్మాయి వేళాకోళంగా అంది, వంశీకృష్ణ సిగ్గుగా విన్నాడు, సైదులు మాత్రం వార్తగా తీసుకున్నాడు. లారీ ఆగి ఊరికే కూచున్న డ్రైవర్ చెవిలో ఒక మాట పడిందంటే, లారీ పోలేని చోటికి కూడా ఆ మాట పోతుంది.

*

మర్నాడు వంశీకృష్ణ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు, తన నిజాయితీ నిరూపించుకోవడానికట. ఇలాంటి కారణాలకు మగవాళ్ళు ఎన్నడూ కొరత రానివ్వరు.

అమ్మాయి పేరు యాదలక్ష్మి. ఎం.కామ్. చేసింది. నాయిన జంగయ్య ఉద్యమంలో పడి చౌరస్తా దీక్షా శిబిరంలోనే కాపురం పెట్టాడు కాబట్టి, అడ్డాలో ప్లాస్టిక్ కుర్చీ ఈమెది. వెనక రేకుల షెడ్డులో తల్లి అండాలమ్మ పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది. పసుపు చీర మీద నీలి చారలు. మాట తక్కువ.

"చూడండి," అని వంశీకృష్ణ ఫొటో తెరిచాడు. "నీలిచారల చిలకచేప. ఇది ఆడది. పసుపు ఒళ్ళు, మీద నీలి చారలు. ముందు పళ్ళన్నీ అతుక్కుపోయి చిలక ముక్కులా అయ్యాయి, చూశారా?"

"మా మేనత్తకు గిట్లనే ఉంటయ్."

"పక్క రెక్కలు రెండూ ఆడిస్తూ ఎగిరినట్టే ఈదుతుంది. రాళ్ళ మీద పాకుడు దీని తిండి. పాకుడుతో పాటు రాయిని కూడా గీరి మింగేస్తుంది. గొంతులో ఇంకో జత పళ్ళుంటాయి, తిరగలిలాగ. వాటితో పిండి కొట్టేస్తుంది. పాకుడు ఒంటికి పడుతుంది, రాయి ఇసుకై పోతుంది."

యాదలక్ష్మి ఫొటోను దగ్గరికి లాక్కుంది. ఆమె కళ్ళలో మొదటిసారి గౌరవం కనబడింది, చేప మీద. "అంటే క్రషర్."

"అంతేనండీ."

"కరెంటు బిల్లు లేని క్రషర్. సాలుకు ఎంత పోస్తది?"

"పెద్ద చేపయితే బస్తాలకు బస్తాలు."

"సారూ, గసొంటియి నాలుగు తెచ్చి మా మూసీల ఇడువరాదు? మా నాయిన పరేషాన్ తీరుతది."

"మూసీలో బతకవండీ. ఉప్పునీళ్ళు కావాలి, పగడాలు కావాలి. వెచ్చగా, శుభ్రంగా ఉండే సముద్రం కావాలి."

"శుభ్రం అన్నవా? గట్లైతే ఒద్దు తియ్యి."

అండాలమ్మ ఛాయ్ తెచ్చి ఇచ్చింది. తాగాడు. లాబ్‌లో సీసాలు కడిగి కడిగి అలవాటైన చెయ్యి కాబట్టి, గ్లాసు తీసుకెళ్ళి డ్రమ్ము దగ్గర కడిగి, ఆవిడ చేతిలో పెట్టి, మర్యాదగా అడిగాడు.

"అంకుల్ ఎప్పుడొస్తారండీ?"

"ఒస్తడు," అంది అండాలమ్మ.

*

తర్వాత రోజూ వచ్చాడు. ఒకరోజు రెక్కల గురించి, ఒకరోజు పొలుసుల గురించి. చెప్పడానికి చేప మిగలకుండా పోతుందేమోనని భయమేసి, తోకని రెండు రోజులకు సర్దాడు.

ఒక సాయంత్రం వాన ముంచుకొచ్చింది. హైదరాబాద్ వాన చెప్పి రాదు, చెప్పుల స్టాండు దాకా వచ్చాక తలుపు కొడుతుంది. ఇసుక కుప్ప తడిస్తే కొనేవాళ్ళు నీళ్ళకు డబ్బులిస్తున్నామని గొడవపడతారు.

"సారూ! గా టార్పాలిన్ మూల పట్టు! అటు కాదు, ఇటు! అబ్బ, ఇటంటే నీ ఇటు కాదు, నా ఇటు!"

కుప్ప కప్పేసరికి ఇద్దరూ టార్పాలిన్ అంచు కింద గొంతుక్కూర్చుని ఉన్నారు. పైన టపటపా వాన. లోపల తడిసిన ఇసుక వాసన, ఆమె జడలోని బంతిపువ్వు వాసన. ఇలాంటి చోట ఏ కుర్రాడికైనా కవిత్వం వస్తుంది. వంశీకృష్ణకు బయాలజీ వచ్చింది.

"చిలకచేపలు చాలావరకు రాత్రిపూట ఇలాగే చేస్తాయి తెలుసా? నోట్లోంచి జిగురు వదిలి, ఒంటి చుట్టూ గాజులాంటి సంచి కట్టుకుని, అందులో పడుకుంటాయి. వాసన బయటికి పోదు కాబట్టి వేటాడేవి కనిపెట్టలేవు. పురుగులు కుట్టవు."

"దోమతెర."

"సరిగ్గా అదే."

"ఉమ్మితోని దోమతెర. ఛీ." వాన చప్పుడు విని, జడ ముందుకు వేసుకుని, మెల్లగా అడిగింది. "ఇద్దరు పడతరా అండ్ల?"

వంశీకృష్ణ శాస్త్రజ్ఞుడు. తెలిసిన నిజం దాచడం రాదు.

"లేదండీ. ఒక్కటే."

యాదలక్ష్మి అతన్ని కిందినుంచి మీదికి చూసింది. "నీకు చేప నాలుకనే ఇచ్చిండు సారూ దేవుడు," అని టార్పాలిన్ ఎత్తి వానలోకి నడిచివెళ్ళిపోయింది.

తను ఏం పోగొట్టుకున్నాడో వంశీకృష్ణకు కొత్తపేట చేరాక, తల తుడుచుకుంటుంటే అర్థమైంది. తువ్వాలు కింద పడేసి "అయ్యో!" అన్నాడు. తల్లి వేదవతి పులుసు మాడిందేమోనని వంటింట్లోకి పరిగెత్తింది.

*

బతుకమ్మ పూలు చౌరస్తాలో అమ్మకానికొచ్చిన రోజున యాదలక్ష్మి గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"దసరాకు నా లగ్గం ఖాయం జేస్తరంట. తుర్కయంజాల్ సంబంధం. సాయినాథ్ అని. రెండు టిప్పర్లు, ఒక జేసీబీ."

వంశీకృష్ణ తన ఆస్తిని మనసులో లెక్కేసుకున్నాడు. భూతద్దం. లాప్‌టాప్, అదీ ఛార్జర్ తిన్నగా పెడితేనే.

"మీకిష్టమేనా?"

"టిప్పర్ ఇష్టమే." అతని మొహం చూసి జాలిపడింది. "టిప్పర్‌తోని ఎన్ని దినాలు మాట్లాడుతం సారూ? నువ్వైతే చేప మీద గిన్ని దినాలు మాట్లాడినవ్. ఇంకేమన్న దొరికితే ఇంకెన్ని దినాలు మాట్లాడుతవో. దమ్ముంటే మా ఇంట్ల అడుగు. దసరా లోపల."

"మీ నాన్నగారినా?"

యాదలక్ష్మి పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందని అతనికి తట్టలేదు. సిగ్గనుకున్నాడు.

"నీ ఇష్టం. చేపల గుంపుల ఎవరు పెద్దనో ఊకె చూసి చెప్పెటోనివి. మా ఇంట్ల ఉన్నదే ముగ్గురం."

వంశీకృష్ణకు అనుమానమే రాలేదు. జంగయ్యది పెద్ద మీసం. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టుండే గొంతు. ఆయన "జై తెలంగాణ" అంటే మలక్‌పేట దాకా పావురాలు లేస్తాయి. పెద్ద ఎవరో చెప్పడానికి మెరైన్ బయాలజీ ఎందుకు?

శిబిరానికి వెళ్ళాడు. "అంకుల్, మీతో ఒక మాట మాట్లాడాలి. యాదలక్ష్మి గారి విషయం."

జంగయ్య అంతా విన్నాడు. మీసం సవరించుకున్నాడు. మెడ తిప్పి, రోడ్డవతల తన అడ్డాలోని రేకుల షెడ్డు వైపు ఒకసారి చూశాడు. "చూద్దాం తియ్యి," అన్నాడు.

మర్నాడు అరటిపళ్ళు పట్టుకెళ్ళాడు. జంగయ్య ఒక పండు తిన్నాడు, షెడ్డు వైపు చూశాడు. "చూద్దాం తియ్యి సారూ."

మూడోసారి ఒట్టి చేతులతో పోవడం ఇష్టంలేక ఏకంగా రిలే నిరాహార దీక్షకు కూచున్నాడు. ఆంధ్ర సారు దీక్షకు కూచున్నాడని జనం చూడవచ్చారు. మెడలో బంతిపూల దండ వేశారు. మధ్యాహ్నం దాటేసరికి దండలోని పూలు కూడా తినబుద్ధయ్యేలా కనబడ్డాయి. చిలకచేపకు అసలు జీర్ణాశయమే ఉండదని అతనికి గుర్తొచ్చింది. ఆ క్షణంలో ఆ చేప మీద కలిగినంత అసూయ, సాయినాథ్ మీద కూడా కలగలేదు.

సాయంత్రం కళ్ళు తిరిగితే అండాలమ్మే వచ్చి నిమ్మకాయ నీళ్ళు పట్టింది. కళ్ళు తెరిచి వంశీకృష్ణ మొట్టమొదట అడిగిన మాట ఇది.

"అంకుల్ ఏమన్నారండీ?"

అండాలమ్మ గ్లాసు తీసుకుని, మిగిలిన నిమ్మకాయ నీళ్ళు రోడ్డు మీద పారబోసి వెళ్ళిపోయింది.

ఇంటి దగ్గర వేదవతి నుదురు కొట్టుకుంది. "వాళ్ళేమో మనల్ని పొమ్మంటుంటే, వీడు వెళ్ళి వాళ్ళ దీక్షలో కూచుంటాడు! పిల్లనిమ్మని అడగడానికి పస్తులుండడం ఎక్కడైనా ఉందా అండీ?"

"నాన్నా, మీరైనా చెప్పండి. నాకు ఆ అమ్మాయే కావాలి."

గంగాధరరావు పేపరు కాస్త కిందికి దించాడు. వంటింటి వైపు ఓరగా చూశాడు. "చూద్దాంలేరా," అని పేపరు ఎత్తేశాడు.

తమ ఇంట్లో ఆ మాటకు 'మీ అమ్మనడుగు' అని అర్థమని వంశీకృష్ణకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. స్కూలు పిక్నిక్ దగ్గర్నుంచి లక్షద్వీప్ దాకా అలాగే అడిగాడు, అలాగే వెళ్ళాడు. సాగర్ రోడ్డు మీద అదే మాట ఇంకో నోటినుంచి వినబడితే మాత్రం అర్థం కాలేదు. చదువు ఎక్కువైతే ఇలాంటివి జరుగుతుంటాయి.

*

సద్దుల బతుకమ్మ నాడు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే విస్తళ్ళు, బండి అనేది కదలకూడదు. మంటకు తారు కరగకుండా పొయ్యిల కింద ఇసుక పరిచారు. ఇసుక జంగయ్య అడ్డాది. పెద్ద గుండిగలో పప్పుచారు దగ్గర అండాలమ్మ, పక్క పొయ్యి మీద అన్నం దగ్గర అమ్మాజీ అనే ముసలావిడ. యాదలక్ష్మి ఉల్లిగడ్డలు కోస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. ఎల్లుండే దసరా. ఉల్లిగడ్డల వల్లే అని చెప్పలేం.

వంశీకృష్ణ చివరిసారి అడిగేద్దామని వచ్చాడు. వచ్చేసరికి అన్నం వార్చే ఆడవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"గీ ఉసికె మీద వండింది మేం తినం," అంటోంది ఒకావిడ. "గిది చేప పెంటంట."

"ఎవడన్నడు?" అని జంగయ్య గర్జించాడు. పావురాలు లేచాయి.

"ఆంధ్ర సారు అన్నడంట. సైదులు చెప్పిండు."

సైదులు విస్తళ్ళ కట్ట వెనక్కి జరిగాడు. "నేను ఒక్కనికే చెప్పిన," అన్నాడు.

జంగయ్య వంశీకృష్ణ వైపు తిరిగాడు. మీసం నిటారుగా నిలబడింది. "ఏం సారూ? దీక్షల కూసున్నవ్. దండ ఏయించుకున్నవ్. నా అరటిపండ్లు..., నీ అరటిపండ్లు నాకు తినపెట్టినవ్. లోపల గిది పెట్టుకున్నవా? మా ఉసికెను పెంట అంటవా?"

"అంకుల్, నేను అన్నది వేరే ఇసుక..."

"గుసగుస ఒద్దు! మైకుల చెప్పు! అందరు వినాలె!"

మైకు చేతిలోకొచ్చింది. యాదలక్ష్మి కత్తిపీట వదిలి లేచి నిలబడింది. మొహంలో రంగు లేదు. ఆ మొహం చూసి, వంశీకృష్ణ మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎదురుగా గుంపు, చేతిలో మైకు. ఇది క్లాసు. క్లాసు అతనికి వచ్చు.

"అందరికీ నమస్కారం. జై తెలంగాణ."

"జై తెలంగాణ!" అంది చౌరస్తా, అలవాటుగా.

"ఈ రోజు పాఠం చిలకచేప."

బందోబస్తు కానిస్టేబుల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

చెప్పాడు. ముక్కు చెప్పాడు, గొంతులో తిరగలి చెప్పాడు, దీవుల్లో తెల్లగా మెరిసే ఇసుక ఎలా వస్తుందో చెప్పాడు. "అది చేప ఇసుక. ఇది రాతి ఇసుక. కొండ పగిలి, వాగులో దొర్లి, ఎన్నో ఏళ్ళు నలిగి వచ్చింది. ఇందులో చేప లేదు. నేను పడుకుని మరీ చూశాను. కొంచెం తిన్నాను కూడా."

"గా చేప ఉసికెతోని స్లాబ్ పడతదా సారూ?" అని సైదులు అడిగాడు, విస్తళ్ళ వెనకనుంచే.

"పడదు. అందులో ఉప్పు, సున్నం. ఇంటికి జంగయ్య గారి ఇసుకే మంచిది."

చప్పట్లు. జంగయ్య మీసం సగం దిగింది. ఆడవాళ్ళు గంటెలు అందుకున్నారు. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ మాష్టార్లకు బెల్లు కొట్టాక ఇంకో ముఖ్యమైన పాయింటు గుర్తొస్తుంది.

"ఇంకొక్క విశేషం. ఈ చేపల్లో ఒక మగచేప కింద కొన్ని ఆడచేపలుంటాయి. ఆ మగచేప పోయిందనుకోండి, ఆడవాటిలో పెద్దది మెల్లమెల్లగా మగచేపగా మారిపోతుంది. పసుపు ఒళ్ళూ, నీలి చారలూ పోతాయి. పచ్చ, నీలం కలిసిన రంగొస్తుంది. పొలుసుల అంచున గులాబీ. ఇక ఆ దిబ్బకంతా పెద్ద అదే."

ఎక్కడో కిసుక్కుమన్న చప్పుడు. అమ్మాజీ కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

"జర ఆగు సారూ." గుండిగ దగ్గరినుంచి అండాలమ్మ. చేతిలో పొడుగు గంటె. "ఒక డౌటు."

"చెప్పండి."

"పాత మగచేప పోయినంకనే గిది మారుతదా?"

"అవునండీ. అది చచ్చిపోతేనో, దాన్నెవరైనా తినేస్తేనో."

"గట్లనా?" గంటెతో పప్పుచారు ఒకసారి తిప్పింది. "మా ఇంట్ల బతికుండంగనే మారింది మరి."

చౌరస్తా పగలబడింది. అమ్మాజీ విస్తళ్ళ మీద కూలబడింది. కానిస్టేబుల్ టోపీలో మొహం దాచుకున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది జంగయ్య. నవ్వుతూ నవ్వుతూ మెడ తిప్పి చూశాడు. ఎప్పుడూ చూసే వైపే, పొయ్యి వైపు.

వంశీకృష్ణ కూడా అటు చూశాడు.

ఈ రోజు పసుపు చీర లేదు. బతుకమ్మ పండగని అండాలమ్మ నెమలికంఠం రంగు పట్టుచీర కట్టింది. పచ్చలో నీలం, నీలంలో పచ్చ. అంచు గులాబీ.

అరటిపళ్ళు గుర్తొచ్చాయి. నిమ్మకాయ నీళ్ళు గుర్తొచ్చాయి. 'చూద్దాం తియ్యి' అన్నప్పుడల్లా తిరిగిన మెడ గుర్తొచ్చింది. పేపరు మీదుగా వంటింటి వైపు చూసే తన తండ్రి కళ్ళు గుర్తొచ్చాయి. యాదలక్ష్మి పెదవి ఎందుకు కొరుక్కుందో కూడా అర్థమైంది. ఇన్నేళ్ళు చేపల్ని చూసిన కళ్ళు ఇవేనా అని సిగ్గేసింది.

గబగబా గుండిగ దగ్గరికి నడిచాడు. చేతిలో మైకు ఉన్న సంగతి మర్చిపోయాడు.

"అమ్మా," అన్నాడు. నాలుగు రోడ్లూ "అమ్మా" అన్నాయి. "మీ యాదలక్ష్మిని నాకు ఇస్తారా?"

'ఇస్తారా, ఇస్తారా' అంటూ స్తంభాలకు కట్టిన మైకులన్నీ వంతులవారీగా అడిగాయి. యాదలక్ష్మి రెండు చేతులతో మొహం మూసుకుంది. ఉల్లిగడ్డ చేతులు కాబట్టి వెంటనే తీసేసింది.

అండాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "గిప్పుడు కనబడ్డనా? అంకుల్ ఎప్పుడొస్తడు, అంకుల్ ఏమన్నడు. మా రేకుల షెడ్డు అరిగిపొయ్యేటట్టు అడిగినవ్. నన్నేమన్న అడిగినవా?"

"తప్పయిందమ్మా."

"గా తుర్కయంజాల్ పిలగాడు గూడ మొన్న ఒచ్చిండు. ఛాయ్ తాగి, గ్లాసు నా చేతిల పెట్టి, ఇంట్ల పెద్దమనిషి లేడా అన్నడు." గంటె గుండిగ అంచుకు కొట్టింది. "నువ్వు గూడ నా చేతిలనే పెట్టినవ్."

వంశీకృష్ణ తల వంచుకున్నాడు.

"కాని కడిగి పెట్టినవ్," అంది అండాలమ్మ.

"ఒరేయ్ వంశీ!"

గుంపు చీల్చుకుని వేదవతి. కొడుకు మళ్ళీ పస్తులకు కూచున్నాడేమోనని చేతిలో పులిహోర టిఫిన్ కారియర్. వెనక గొడుగు పట్టుకుని గంగాధరరావు. "మైకులో అడుగుతావురా పిల్లని? కొత్తపేట దాకా వినబడిందేమో, పరువు తీశావు కదరా!"

వేదవతి అండాలమ్మను చూసింది. అండాలమ్మ వేదవతిని చూసింది. ఒకే దిబ్బ మీదికి రెండు పెద్ద చేపలు వస్తే ఏమవుతుందో వంశీకృష్ణకు తెలుసు. రెండడుగులు వెనక్కి వేశాడు. జంగయ్యా, గంగాధరరావూ అంతకుముందే వేశారు.

వేదవతి గుండిగలోకి తొంగి చూసింది. ఒక చుక్క అరచేతిలో వేయించుకుని నాలిక్కి రాసుకుంది.

"చింతపండు కాస్త తగ్గినట్టుంది, వదినగారూ."

వదినగారూ. ఆ మాట వినబడగానే యాదలక్ష్మి కత్తిపీట మీద కూచోబోయి, పక్కన కూచుంది.

"మీ దిక్కు పులుపు జాస్తి తింటరు గద వదినా," అంది అండాలమ్మ. "రేపు మీ ఇంట్ల మీ ఇష్టం. గీ పొయ్యి నాది." టిఫిన్ కారియర్ వైపు గంటె చూపి, "ఆ డబ్బాల పులిహోరనా? ఇటియ్యి, అందరికి ఏస్తం," అంది.

రోడ్డు పక్కన జంగయ్య గొంతు తగ్గించి అడిగాడు. "మరి ఏమంటరు బావా?"

"చూద్దాం బావగారూ," అన్నాడు గంగాధరరావు.

"చూద్దాం తియ్యి," అన్నాడు జంగయ్య. ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది.

సరిగ్గా అప్పుడే వాన వచ్చింది. చెప్పలేదు, తలుపూ కొట్టలేదు. ముందు గుండిగ మీద, తర్వాత కానిస్టేబుల్ టోపీలో.

"టార్పాలిన్!" అని యాదలక్ష్మి అరిచింది. "సారూ, గా మూల పట్టు!"

ఈసారి ఎవరి ఇటో అడగకుండానే వంశీకృష్ణ సరైన మూల పట్టుకున్నాడు. గుండిగ మీదుగా, పొయ్యిల మీదుగా, జనం మీదుగా నీలం టార్పాలిన్ లేచింది. కిందికి అందరూ దూరారు. వేదవతి, అండాలమ్మ, మీసం, గొడుగు, సైదులు, విస్తళ్ళు. బయట వాన, లోపల పొగ, పప్పుచారు వాసన, నవ్వులు.

యాదలక్ష్మి పక్క మూల పట్టుకుని అతని వైపు జరిగింది.

"గిప్పుడు చెప్పు సారూ. గా సంచిల ఇద్దరు పడతరా?"

వంశీకృష్ణ కింద కిక్కిరిసిన జనాన్ని చూశాడు. "శాస్త్రం ఒప్పుకోదు," అన్నాడు. "శాస్త్రం ఎల్బీనగర్ చూడలేదు."

యాదలక్ష్మి నవ్వు టార్పాలిన్ మీద వాన చప్పుడుకు జత కలిసింది.

"ఓ సారూ," అని అమ్మాజీ అన్నం గంటె ఊపింది. "మరి లగ్గం ఎన్నడు?"

"చూద్దాం తియ్యి," అన్నాడు వంశీకృష్ణ.

అని, మెడ తిప్పి యాదలక్ష్మి వైపు చూశాడు.

"దసరా పోయినంక," అంది యాదలక్ష్మి, ఇటు తిరగకుండానే. "నువ్వు గా మూల ఒదలకు. పప్పుచారుల నీళ్లు పడుతున్నయ్."